కోట కూలితే దేవుడు మారతాడా?

1872లో బెంగాల్‌లో జరిగిన తొలి జనగణన లెక్కలు చూసి బ్రిటిష్ అధికారులు తెల్లబోయారు. ముస్లింలు ఉంటే పాత రాజధానుల చుట్టూ, పట్నాల్లో ఉంటారని వాళ్ళ అంచనా. లెక్క తీస్తే తూర్పున, పద్మా నది అవతల చిత్తడి నేలల్లో వరి పండించుకునే రైతుల్లో అత్యధికులు ముస్లింలని తేలింది. ఆరు వందల ఏళ్ళకు పైగా సుల్తానులూ మొఘలులూ కూర్చున్న ఢిల్లీ, ఆగ్రాల చుట్టూ మాత్రం వాళ్ళు మైనారిటీగానే ఉన్నారు.

మతమార్పిళ్ళ గురించి మన దగ్గర బాగా వినిపించే వాదనలు రెండు. కత్తికి భయపడి మారారని కొందరు, కులపీడన భరించలేక మారారని ఇంకొందరు అంటారు. బెంగాల్ మ్యాప్ ముందు రెండూ తడబడతాయి. కత్తే కారణమైతే సైన్యం ఎక్కువకాలం ఉన్నచోట ఎక్కువమంది మారాలి. కులపీడనే కారణమైతే అది గట్టిగా ఉన్న గంగా మైదానం మారాలి. తూర్పు బెంగాల్లో సైన్యమూ పలచనే, బ్రాహ్మణ వ్యవస్థా పలచనే.

అక్కడ జరిగింది అడవి కొట్టి పొలం చేయడం. 16, 17 శతాబ్దాల్లో గంగ ప్రధాన ప్రవాహం తూర్పుకు జరిగి, కొత్త ఒండ్రు నేలలు సాగుకు వచ్చాయి. 1610లో మొఘలులు ఢాకాను రాజధాని చేసుకున్నారు. వాళ్ళకు కావలసింది శిస్తు. అడవి నరికించి కూలీలను కూడగట్టి వరి వేయించగల పెద్దమనుషులకు భూములు రాసిచ్చారు. చాలా పట్టాల్లో ఆ ఆదాయంతో మసీదో దర్గానో నడపాలన్న షరతు ఉండేది. గుడి పేరిట ఇచ్చిన పట్టాలూ ఉన్నాయి గానీ తక్కువ. అలా కొత్త ఊరు, కొత్త పొలం, మధ్యలో వెదురుబొంగుల మసీదు ఒకేసారి పుట్టాయి. ఆ రైతు ఒకరోజు పాత మతం వదిలి కొత్త మతంలోకి వెళ్ళాడని చెప్పడం కష్టం. అల్లాను నిరంజనుడని పిలుచుకున్న తరాలు గడిచాకే తేడాలు స్పష్టమయ్యాయి. దండయాత్ర 1204లో జరిగింది. మతం ఊళ్ళకు చేరింది ఆ తర్వాత మూడు నాలుగు వందల ఏళ్ళకు.

అందుకే ఏ దేశంలోనైనా, ఏ మతం గురించైనా, ఎవరు గెలిచారన్న ప్రశ్నతో ఆగిపోతే సగమే తెలుస్తుంది. ఓడినవాళ్ళ దేవుడి ఖర్చు ఎవరు భరిస్తున్నారన్నది దానికన్నా పనికొచ్చే ప్రశ్న. రాజు ఇచ్చిన మాన్యం మీద, పట్నంలోని ఒకే పెద్ద సంస్థ మీద ఆధారపడిన మతం రాజుతో పాటే పడిపోతుంది. ఇంటింటా, ఊరూరా నడిచే మతాన్ని పడగొట్టడం సైన్యం వల్ల కాదు. దానికి వేరే యంత్రాంగం కావాలి.

ఈ తేడా ఉత్తర ఆఫ్రికాలో కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు. ఏడో శతాబ్దంలో అరబ్బులు ఈజిప్టునూ, దాని పడమటనున్న రోమన్ ఆఫ్రికానూ (నేటి ట్యునీషియా, అల్జీరియా) గెలుచుకున్నారు. రెండూ క్రైస్తవ దేశాలే. పైగా పడమటి చర్చిదే ఎక్కువ పేరు. సెయింట్ అగస్టీన్ బిషప్పుగా పనిచేసిన హిప్పో అక్కడిదే. ఐదో శతాబ్దం మొదట్లో ఆ ప్రాంతంలో వందలమంది బిషప్పులు ఉండేవారు. 1076 నాటికి కొత్త బిషప్పును అభిషేకించడానికి అవసరమైన ముగ్గురు బిషప్పులు కూడా మొత్తం ఆఫ్రికాలో లేరని పోప్ ఏడవ గ్రెగరీ ఉత్తరంలో వాపోయాడు. ఇంకో వందేళ్ళకు స్థానిక క్రైస్తవం దాదాపు కనుమరుగైంది. ఈజిప్టులో మాత్రం కోప్ట్ క్రైస్తవులు ఈనాటికీ ఉన్నారు. జనాభాలో పదో వంతు ఉంటారని అంచనా.

గెలిచిన మతం ఒకటే, పన్ను ఒకటే. ముస్లిమేతరుల మీద జిజియా రెండుచోట్లా పడింది. తేడా అంతా ఓడిన చర్చిల్లో ఉంది. ఆఫ్రికా చర్చి లాటిన్ మాట్లాడేది. రోమన్ పట్నాలూ ఎస్టేట్లూ దాని ఆధారం. కొండల్లోని స్థానిక తెగలైన బెర్బర్లకు వాళ్ళ భాషలో బైబిల్ ఎప్పుడూ అందలేదు. దానికితోడు డోనాటిస్టులనే చీలిక వర్గంతో వందేళ్ళ అంతర్గత కొట్లాట, ఐరోపా నుంచి దండెత్తి వచ్చిన వాండల్ రాజుల అణచివేత. 698లో కార్తేజ్ పడిపోయేసరికి చదువుకున్నవాళ్ళలో చాలామంది సిసిలీకీ ఇటలీకీ ఓడలెక్కారు. పట్నాలు చిక్కిపోతే చర్చి కూడా చిక్కిపోయింది.

ఈజిప్టు చర్చి అప్పటికే ప్రభుత్వం లేకుండా బతకడం నేర్చుకుని ఉంది. 451లో చాల్సిడన్‌లో జరిగిన మతపెద్దల సభ తర్వాత క్రీస్తు స్వభావం మీద బైజాంటియన్ రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌తో పేచీ వచ్చి, రెండు శతాబ్దాలు సొంత క్రైస్తవ చక్రవర్తుల చేతిలోనే దెబ్బలు తింది. ప్రార్థన జనం భాషలో, గురువులు ఎడారి మఠాల్లో, తిండి పల్లెల నుంచి. అరబ్బులు వచ్చేనాటికి దాని పెద్ద బెంజమిన్ బైజాంటియన్ అధికారుల నుంచి దాక్కుని తిరుగుతున్నాడు. అతన్ని బయటికి రమ్మని అభయమిచ్చింది అరబ్ సేనాని అమ్ర్. ఆ తర్వాత కథ సుఖంగా సాగిందని కాదు. పన్నుల మీద తిరుగుబాట్లు వచ్చాయి, వాటిని క్రూరంగా అణిచారు. కాలక్రమంలో ఎక్కువమంది మతం మారారు, కోప్టిక్ భాష ఇళ్ళలోంచి పోయి ప్రార్థనలకే మిగిలింది. అయినా చర్చి నిలిచింది. అంతకుముందు పడ్డ దెబ్బలే దాన్ని గట్టిపరిచాయని అనుకోవచ్చు.

మన దేశంలో దీనికి దగ్గరగా ఉన్నది బౌద్ధం కథ. నలందను తురుష్క సైన్యాలు దెబ్బతీసిన కొన్ని దశాబ్దాలకు, 1230ల్లో ధర్మస్వామి అనే టిబెట్ భిక్షువు అక్కడికి వెళ్ళాడు. శిథిలాల మధ్య తొంభై ఏళ్ళు దాటిన రాహుల శ్రీభద్రుడు డెబ్బై మంది దాకా విద్యార్థులకు పాఠం చెబుతున్నాడు. ఆ గురువును పోషిస్తున్నది జయదేవుడనే బ్రాహ్మణ గృహస్థు. మళ్ళీ సైనికులు వస్తున్నారన్న కబురు అందితే మిగతావాళ్ళు పారిపోయారు. ధర్మస్వామి ఆ ముసలాయన్ని భుజాన వేసుకుని తీసుకెళ్ళి దాచాడు. పాల రాజులు ఊళ్ళు రాసిచ్చిన మహావిహారం చివరికి ఒక ఇంటి భోజనం మీద నడవాల్సి వచ్చింది. చుట్టుపక్కల పల్లెల్లో బౌద్ధం ఇళ్ళలో వేళ్ళూనుకుని ఉంటే ఇలా అయ్యేది కాదు. పెళ్ళికీ చావుకూ అక్కడి జనం పిలిచేది ఎప్పటినుంచో బ్రాహ్మణుడినే.

కృష్ణా లోయలో అయితే ఏ సుల్తానూ రాకముందే బౌద్ధం వెనక్కు తగ్గింది. దండయాత్రలతో పోల్చి చూడటానికి ఇది చాలా అవసరమైన ఉదాహరణ, ఎందుకో దీని గురించి తక్కువ మాట్లాడతాం. మూడో శతాబ్దంలో విజయపురి, అంటే నాగార్జునకొండ, ఇక్ష్వాకుల రాజధాని. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు, కుమారస్వామి భక్తుడు. ఆయన తోబుట్టువు శాంతిశ్రీ అదే ఊళ్ళో బౌద్ధ మహాచైత్యానికి దానాలు చేసింది. రాజులు యజ్ఞాలు చేస్తుంటే అంతఃపురం ఆడవాళ్ళూ వర్తకులూ స్తూపాలు కట్టించారు. రోమ్‌తో సముద్ర వ్యాపారం సన్నగిల్లింది, ఇక్ష్వాకులు పోయారు, పల్లవులు వచ్చారు. భూదానాలు క్రమంగా బ్రాహ్మణులకూ, తర్వాత గుళ్ళకూ మళ్ళాయి. 639 ప్రాంతంలో హ్యూన్‌త్సాంగ్ ధాన్యకటకం (నేటి అమరావతి ప్రాంతం) వచ్చేసరికి ఆరామాల్లో ఎక్కువ పాడుబడి ఉన్నాయి.

పాడుబడ్డాయంటే పూర్తిగా పోయాయని కాదు. 1182లో కోట వంశపు కేతరాజు బుద్ధుడికి చేసిన దానాల శాసనం అమరావతిలో అమరేశ్వరుడి గుడిలోనే ఉంది. శివుడి గుడికి వెళ్ళే రాజు బుద్ధుడికి దీపాలు పెట్టించడంలో అప్పటివాళ్ళకు వింతేమీ కనిపించలేదు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చేనాటికి మాత్రం అది ఏ మతం దిబ్బో చెప్పేవాళ్ళు లేరు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కొత్త పట్నానికి ఆ దిబ్బలోంచి రాళ్ళూ ఇటుకలూ తవ్వి తీసుకెళుతున్నారు. ఏలూరు జిల్లా గుంటుపల్లికి వెళితే ఇంకో పద్ధతి చూడొచ్చు. కొండను గుండ్రంగా తొలిచిన చైత్యగృహంలో నడుమ ఉన్న రాతి స్తూపాన్ని ధర్మలింగేశ్వర స్వామిగా కొలుస్తారు. రాయి అదే, చుట్టూ తిరిగే ప్రదక్షిణా అదే.

జైనానికి వచ్చేసరికి కథ ఇంత మెత్తగా లేదు. కాకతీయులు తొలిరోజుల్లో జైనాన్ని ఆదరించి తర్వాత శైవులయ్యారు. జైనుల మీద జరిగిన హింసను వీరశైవ సాహిత్యమే గర్వంగా చెప్పుకుంది. హన్మకొండలో పద్మాక్షి గుట్ట మీద 1117లో మంత్రి బేతన భార్య మైలమ జైన బసది కట్టించినట్టు శాసనం ఉంది, బండ మీద తీర్థంకరుల బొమ్మలూ ఉన్నాయి. ఇప్పుడది పద్మాక్షి అమ్మవారి గుడి. సద్దుల బతుకమ్మ నాడు వేలమంది ఆడవాళ్ళు వచ్చి గుట్ట కింది గుండంలోనే బతుకమ్మలను నిమజ్జనం చేస్తారు.

1323లో ఓరుగల్లు పడిపోయింది. కోట మధ్యలోని స్వయంభూ శివాలయాన్ని ఢిల్లీ సైన్యం నేలమట్టం చేసింది. నాలుగు కీర్తి తోరణాలు మిగిలాయి. అది కాకతీయుల కులదైవం గుడి, రాజ్యానికి ముద్ర. దాన్ని కూల్చడం అంటే ఆ రాజ్యం అయిపోయిందని చాటడం. ఆ కాలపు అగ్రహారాల దురవస్థను ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం ఏకరువు పెడుతుంది. పోచమ్మకూ ఎల్లమ్మకూ మైసమ్మకూ ఆ శాసనంలో చోటు లేదు, వాళ్ళకు పోవడానికి మాన్యాలూ లేవు. వేపచెట్టు కింద రాయి, ఏడాదికోసారి బోనం, పూజకు ఊళ్ళో వాళ్ళే. ఓరుగల్లులో ఎవరు పాలిస్తున్నారన్నది ఆ రాయికి పట్టలేదు. బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొఘలులు, నిజాములు ఆరు వందల ఏళ్ళు పాలించాక కూడా తెలంగాణ పల్లె ఎక్కువగా హిందువుగా ఉండటానికి పాలకుల ఉదారత ఒక్కటే కారణమని చెప్పలేం. శిస్తు పట్టుకొచ్చే దేశ్‌ముఖులూ కరణాలూ హిందువులే, వాళ్ళను కదిలిస్తే ఖజానాకే నష్టం. ఇక్కడ బెంగాల్లో లాగా కొత్తగా పుట్టిన పల్లెలు తక్కువ. ఉన్న పల్లెకు దాని దేవతలు ముందే ఉన్నారు.

అలాంటి పల్లెలోకి కొత్త దేవుడు వస్తే పాతవాళ్ళ పక్కన ఇంకో గద్దె దొరుకుతుంది. పీర్ల పండుగ అలా వచ్చిందే. హమదాన్ నుంచి వచ్చిన సుల్తాన్ కులీ వంశం షియాలది. 1591లో హైదరాబాద్ కట్టాక కొన్నేళ్ళకే బాదుషాహీ ఆషూర్‌ఖానా (మొహర్రం సంతాప మందిరం) కట్టించి, కర్బలాలో చనిపోయిన ఇమాం హుసేన్ గుర్తుగా అలాలు (లోహపు పతాకాలు) నిలబెట్టారు. ఆస్థానంలో మొదలైన ఈ ఆచారం ఊళ్ళకు పాకింది. మొహర్రం నెలపొడుపు కనిపించాక పీర్ల చావిడిలో పెట్టెలోంచి పంజాలు తీసి, కడిగి, రంగురంగుల దట్టీలు కట్టి నిలబెడతారు. ముందు గుండం తవ్వి నిప్పు పెడతారు. ఊదు పొగలో పీరును ఎత్తుకునేది చాలా ఊళ్ళలో హిందూ కులాల వాళ్ళే. కుడుకలు, బెల్లం, మలీద, షర్బత్‌తో మొక్కులు. నల్లగొండ వైపు హిందూ ఇళ్ళలో సైదులు, సైదమ్మ అన్న పేర్లు జాన్‌పహాడ్ దర్గా మొక్కుల వల్ల వచ్చినవే. అనంతపురం వైపు గూగూడులో కుళ్ళాయిస్వామికి మొహర్రం బ్రహ్మోత్సవాలు జరుగుతాయి, పక్కనే ఆంజనేయుడి గుడి.

ఈ కుటుంబాలేవీ సగం ముస్లింలు కాలేదు. జనగణనలో హిందువులే. మతాలు కలవడం అంటే మార్పిడిలో మధ్య మజిలీ అని కొందరు పండితులు రాస్తుంటారు. తెలంగాణ అనుభవం చూస్తే ఆ మజిలీ దగ్గరే నాలుగు వందల ఏళ్ళు కాపురం చేసేయొచ్చని తెలుస్తుంది.

ఇక్కడ ఇంకో మలుపు ఉంది. గోల్కొండను 1687లో పడగొట్టింది ఔరంగజేబు, అతనూ ముస్లిమే. కాకపోతే సున్నీ. గోల్కొండ ఖుత్బాలో (శుక్రవారం నమాజు ప్రసంగంలో) ఇరాన్ షా పేరు చదవడం మొఘలులకు ఎప్పటినుంచో కంటగింపు, 1636లో షాజహాన్ దాన్ని బలవంతంగా మాన్పించాడు. గోల్కొండ పతనం తర్వాత బాదుషాహీ ఆషూర్‌ఖానాను ఎడ్లబండ్ల షెడ్డుగా వాడారు. రాజాదరణతో నడిచిన మొహర్రం పట్నంలో చాలాకాలం కళ తప్పింది, నిజాం అలీఖాన్ కాలంలో తేరుకుంది. పల్లెల్లో పీర్లు మాత్రం ఆగలేదు. వాటి ఖర్చు ఊరిది. స్వయంభూ గుడికీ ఆషూర్‌ఖానాకూ ఒకే గతి పట్టింది, పోచమ్మకూ పీరుకూ ఒకేలా గడిచింది. హిందూ, ముస్లిం అన్న గీత కన్నా కోట, ఊరు అన్న గీత ఇక్కడ ఎక్కువ చెబుతుంది.

మరి ఊరి మతాన్ని, ఇంటి మతాన్ని ఎవరూ పెకలించలేదా? పెకలించారు. దానికి సైన్యం కాక వంటింట్లోకి తొంగిచూసే రాజ్యం కావాలి. 1492లో గ్రనడా పడ్డాక స్పెయిన్ చేసింది అదే. బలవంతంగా బాప్తిస్మం ఇచ్చిన యూదుల, ముస్లింల ఇళ్ళపై ఇన్‌క్విజిషన్ అనే చర్చి విచారణ సంస్థ నిఘా పెట్టింది. పంది మాంసం తినకపోతే అనుమానం, పందికొవ్వు బదులు ఆలివ్ నూనెతో వండితే అనుమానం, శుక్రవారం స్నానం చేస్తే అనుమానం, శనివారం పొయ్యి వెలిగించకపోతే అనుమానం. చాడీలు చెప్పే పొరుగువాళ్ళు, రికార్డు రాసే గుమాస్తాలు, ఆస్తుల జప్తు, అన్నీ ఉన్నాయి. అంత చేసినా మొరిస్కోలు (బాప్తిస్మం ఇచ్చిన ముస్లింలు) లొంగలేదనే నిర్ణయానికి వచ్చి 1609 నుంచి 1614 లోపు దాదాపు మూడు లక్షల మందిని దేశం నుంచి వెళ్ళగొట్టారు.

ఆ యంత్రాంగమే గోవాకు ఓడలో వచ్చింది. 1510లో పోర్చుగీసు సేనాని ఆల్బుకర్క్ గోవాను పట్టుకున్నాక మొదటి ముప్పై ఏళ్ళు గుళ్ళ జోలికి పెద్దగా వెళ్ళలేదు. 1540 నుంచి కూల్చివేతలు మొదలయ్యాయి. గుడి మాన్యాలు చర్చిలకు మళ్ళాయి. 1560లో ఇన్‌క్విజిషన్ వచ్చింది. అదే ఏడు కుశస్థలి నుంచి మంగేశుడి లింగాన్ని నది దాటించి ప్రియోళ్‌కు చేర్చారు. కెళోశి నుంచి శాంతాదుర్గ కవళేకు వెళ్ళింది. ఈ దేవుళ్ళు తలదాచుకున్న ఫోండా అప్పుడు బీజాపూర్ ఆదిల్‌షాది. క్రైస్తవ రాజు తరిమిన శివుడు ముస్లిం సుల్తాన్ నేల మీద గుడి కట్టించుకున్నాడు. చరిత్రను రెండు మతాల కుస్తీగా చెప్పేవాళ్ళకు ఈ ముక్క కాస్త ఇబ్బందే.

దేవుడితో వెళ్ళలేని వాళ్ళు, భూమి వదులుకోలేని వాళ్ళు ఊళ్ళోనే ఉండి బాప్తిస్మం తీసుకున్నారు. కులాన్ని వెంట తెచ్చుకున్నారు. గోవా క్రైస్తవుల్లో ఇప్పటికీ బామణ్ (బ్రాహ్మణ), చార్డో (క్షత్రియ) అన్న విభజన ఉంది. 1736లో ఇన్‌క్విజిషన్ ఒక పెద్ద నిషేధాల జాబితా ప్రకటించింది. పెరట్లో తులసి పెంచకూడదు. పెళ్ళిలో పసుపు రాసుకోకూడదు. హిందువుల్లా ఉప్పు వేయకుండా అన్నం వండకూడదు. రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా ఈ నిషేధాలు అవసరమయ్యాయంటే ఆ ఇళ్ళలో అన్నం ఎలా ఉడుకుతోందో తెలుస్తూనే ఉంది. మాపుసాలోని మిలాగ్రిస్ మాత శిర్‌గావ్ లైరాయి దేవికి తోబుట్టువని హిందువులూ క్రైస్తవులూ ఇద్దరూ నమ్ముతారు, చర్చి ఉత్సవానికి హిందువులు నూనె పట్టుకెళతారు.

ఇక ఫోండా విషయం. 1763లో అది కూడా పోర్చుగీసుల చేతికి చిక్కింది. రెండు వందల ఏళ్ళ కిందట పారిపోయిన దేవుళ్ళు మళ్ళీ అదే జెండా కిందికి వచ్చారు. ఈసారి వాళ్ళనెవరూ ముట్టుకోలేదు. మత వ్యవహారాల్లో జోక్యం చేసుకోబోమని ప్రభుత్వమే మాట ఇచ్చింది. పోర్చుగల్‌కు పాత బలం లేదు, మరాఠాలు గుమ్మంలో ఉన్నారు, మతమార్పిళ్ళలో ముందున్న జెసూట్ పాదిరీలను 1759లో లిస్బన్ ప్రభుత్వమే వెళ్ళగొట్టింది. ఈలోపు గుళ్ళకు కొత్త పోషకులు కూడా దొరికారు. కవళేలో ఇప్పుడున్న శాంతాదుర్గ ఆలయం 1738లో మరాఠా సాహు మహారాజు మంత్రి నారోరామ్ కట్టించింది, మరుసటి ఏడాది పీష్వాలు మంగేశికి ఊరినే మాన్యంగా ఇచ్చారు. 16వ శతాబ్దంలో జయించిన తీస్వాడీ, బార్దేశ్, సాష్టి తాలూకాల్లో క్రైస్తవం గట్టిపడింది. 18వ శతాబ్దంలో జయించిన ఫోండా, పెడ్నే హిందువుగానే మిగిలాయి. రెంటినీ జయించింది ఒకే రాజ్యం, నడుమ ఉన్నవి నదులే.